బడి లెక్క – బిడ్డ లెక్క

1827 జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరా సోకి పత్తికొండలో కన్నుమూశాడు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఏడేళ్లు పనిచేసిన మన్రో, పదవి విడిచి స్వదేశానికి వెళ్లేముందు ఆ సీమను కడసారి చూడాలని వచ్చాడు. ఆ యాత్రే అతనికి అంతిమయాత్ర అయింది. నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండకు ఈ సంఘటనతో చరిత్రలో స్థానం లభించింది. రైత్వారీ విధానాన్ని స్థిరపరచినవాడుగా మన్రో పేరు అందరికీ తెలుసు. దక్షిణ భారతదేశంలో బడులను లెక్కించమని మొట్టమొదట ఉత్తరువు చేసినవాడు కూడా అతడే అన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

తొలి లెక్క

1822 జూన్ 25న మన్రో మద్రాసు రాజధానిలోని కలెక్టర్లందరినీ కొన్ని వివరాలు అడిగాడు. ప్రతి జిల్లాలో చదవడం, రాయడం నేర్పే బడులెన్ని? వాటిలో ఎందరు పిల్లలున్నారు? వారు ఏ కులాలకు చెందినవారు? ఏయే పుస్తకాలు చదువుతున్నారు? ఎన్నేళ్లు చదువుతారు? గురువుకు ఎంత ముట్టజెబుతారు? ఈ ప్రశ్నలకు జవాబులు చేరడానికి ఏళ్లు పట్టింది. 1826 మార్చిలో మన్రో ఆ లెక్కల సారాంశాన్ని గ్రంథస్థం చేశాడు. సుమారు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1 లక్షా 88 వేల మంది విద్యార్థులు ఉన్నట్లు తేలింది. అంటే వెయ్యిమందికి ఒక బడి.

ఆనాడు ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి 1816లో ప్రకటించిన పండితుడితడే. 1823 ఆగస్టులో క్యాంబెల్ పంపిన నివేదిక ప్రకారం బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. సగటున ఒక్కొక్క బడికి పన్నెండు మంది మాత్రమే. క్యాంబెల్ అంకెలు పంపి ఊరకుండలేదు. పిల్లలు బడికి ఎందుకు దూరమవుతున్నారో విచారించి, దేశంలో పెరుగుతున్న పేదరికమే అందుకు మూలకారణమని నిర్మొహమాటంగా రాశాడు. లేత చేతులకు కాస్త పనిచేసే సత్తువ రాగానే తల్లిదండ్రులు పిల్లలను కూలికి పంపక తప్పడం లేదన్నది అతని పరిశీలన.

మన్రోకు తన లెక్కలోని లోపం కూడా తెలుసు. ఇంటివద్ద చదువుకునే పిల్లలు బడి లెక్కలోకి రాలేదనీ, వారిని కలుపుకొంటే చదువుకునే మగపిల్లల నిష్పత్తి నాలుగింట ఒక వంతుకంటే మూడింట ఒక వంతుకే దగ్గరగా ఉంటుందనీ అతడు భావించాడు. బడిని లెక్కించడం వేరు, బిడ్డను లెక్కించడం వేరు అన్న సత్యం ఈ విధంగా మొదటి సర్వేలోనే బయటపడింది. రెండు వందల ఏళ్ల తరువాత మరొక మహమ్మారి కాలంలో అదే సత్యం అదే సీమలో మరింత తీవ్రంగా ఎదురైంది.

మూడు ప్రశ్నలు

స్వతంత్ర భారతదేశంలో పాఠశాలల సర్వేలు అనేక రూపాలు ధరించాయి. 1957లో మొదటి అఖిల భారత విద్యా సర్వే జరిగింది. అటువంటి సర్వేలకు నడుమ ఏళ్ల తరబడి వ్యవధి ఉండేది. 1990లలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చినపుడు, ప్రతి ఏటా ప్రతి బడి సమాచారం కావలసి వచ్చింది. ఆ పథకం ఆంధ్రప్రదేశ్‌లో తొలుత అమలైన జిల్లాలలో కర్నూలు ఒకటి. ఆ అవసరం నుండి పుట్టిన జిల్లా విద్యా సమాచార వ్యవస్థే క్రమంగా పెరిగి 2012–13లో యూడైస్‌గా, 2018–19 నుండి యూడైస్ ప్లస్‌గా రూపొందింది.

ప్రభుత్వం జరిపే సర్వేలన్నీ స్థూలంగా మూడు ప్రశ్నలకు జవాబులు వెదకుతాయి. బడిలో ఏమున్నది? బడిలో ఎవరున్నారు? ఉన్నవారు ఏమి నేర్చుకున్నారు?

మొదటి ప్రశ్నకు యూడైస్ ప్లస్ జవాబు చెబుతుంది. దేశంలోని ప్రతి బడికి పదకొండు అంకెల సంకేత సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని, తరువాతివి వరుసగా జిల్లాను, మండలాన్ని, గ్రామాన్ని, చివరి రెండు బడిని తెలుపుతాయి. గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, గ్రంథాలయం, ఉపాధ్యాయులు, తరగతివారీగా విద్యార్థులు మొదలైన వివరాలను ప్రధానోపాధ్యాయుడు పూరిస్తాడు. మండలస్థాయిలోనూ, జిల్లాస్థాయిలోనూ వాటిని సరిచూస్తారు. ఒక్క బడినీ విడువకుండా లెక్కిస్తారు గనుక ఇది సంపూర్ణ గణన.

రెండవ ప్రశ్నకు జవాబు బడిలో దొరకదు. ఇల్లిల్లూ తిరిగి, బడియీడు పిల్లలెందరో, వారిలో బడికి పోనివారెందరో విచారించాలి. మూడవ ప్రశ్నకు జాతీయ సాధన సర్వే వంటివి జవాబు వెదకుతాయి. ఇందులో ఎంపిక చేసిన బడులలో, ఎంపిక చేసిన పిల్లలకు పరీక్ష పెడతారు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. నమూనా సర్వేలోని సూత్రమూ అదే. అయితే మెతుకు పట్టేవారు గిన్నె పైభాగం నుండే తీస్తే అడుగున ఉన్న బియ్యం సంగతి తెలియదు. నమూనాలో అన్ని రకాల బడులకూ, అన్ని రకాల పిల్లలకూ తగిన చోటు దక్కినపుడే ఫలితం నమ్మదగినదవుతుంది.

మూతపడిన బడి

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 19 నుండి ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఏప్రిల్ నెలలో రాష్ట్రంలోకెల్లా అత్యధికంగా కేసులు నమోదైన జిల్లా కర్నూలు. పదవ తరగతి పరీక్షలు 2020లోనూ, 2021లోనూ రద్దయ్యాయి. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో బడులు దశలవారీగా తెరుచుకున్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరిలోగాని బడి ముఖం చూడలేదు. ఏప్రిల్‌లో రెండవ ఉధృతి రాగా తలుపులు మళ్లీ మూతపడి, ఆగస్టు 16న తెరుచుకున్నాయి. ఒకటవ తరగతిలో చేరవలసిన పిల్లవాడు అక్షరం దిద్దకుండానే రెండవ తరగతికి వచ్చిన కాలమది.

బడి లేనప్పుడు పాఠం పిల్లల వద్దకు ఎలా చేరాలి? ఈ ప్రశ్నకు జవాబుగా విద్యాశాఖ విద్యార్థుల ఇళ్లలోని సాధనాలనుబట్టి వారిని మూడు తరగతులుగా విభజించింది. స్మార్ట్‌ఫోను లేదా కంప్యూటరు, అంతర్జాలం ఉన్నవారు మొదటి వర్గం. టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారు రెండవ వర్గం. ఏదీ లేనివారు మూడవ వర్గం. రెండవ వర్గంవారికోసం 2020 జూన్ నుండి దూరదర్శన్ సప్తగిరి ద్వారా ‘విద్యావారధి’ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆకాశవాణి కూడా పాఠాలు వినిపించింది.

ఈ విభజన అవసరమైనదే. కాని ఇంట్లో ఫోను ఉండడానికీ, అది బిడ్డ చేతిలో ఉండడానికీ ఎంతో అంతరం ఉన్నది. తండ్రి పనికి పోతూ జేబులో పెట్టుకొని వెళ్లిన ఫోను సర్వే పత్రంలో ఆ ఇంటి ఫోనే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకే ఫోను ఎవరి పాఠానికి దక్కుతుంది? నాటి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుండి కువైటు మొదలైన గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్లినవారు ఎందరో ఉన్నారు. తల్లో తండ్రో పరదేశంలో ఉండగా అవ్వాతాతల వద్ద పెరిగే పిల్లల ఇంట ఫోను ఉండవచ్చు. దానిలో పాఠం తెరిచి చూపి, అర్థంకాని దానిని విప్పి చెప్పే చదువరి ఉండకపోవచ్చు. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, కడప జిల్లాది సుమారు 67 శాతం. కర్నూలు జిల్లాలో స్త్రీలలో సగంమంది నిరక్షరాస్యులే. ‘సాధనం ఉన్నదా?’ అన్న ప్రశ్నకు లభించిన ‘ఉన్నది’ అన్న జవాబును ఈ నేపథ్యంలో చదువుకోవాలి.

గోడలు మారిన కాలం

బడులు మూతపడిన రోజులలోనే వాటి భవనాలు మారడం విశేషం. 2019 నవంబరు 14న ప్రారంభమైన ‘మనబడి నాడు–నేడు’ కార్యక్రమం మొదటి దశలో 15 వేలకు పైగా బడులను ఎంపికచేశారు. 3,600 కోట్ల రూపాయలకు పైగా వ్యయం చేశారు. మరుగుదొడ్లకు నీటివసతి, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు, ఆకుపచ్చ రాతబోర్డులు, రంగులు, ప్రహరీగోడ వంటి పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిపించారు. 2021 ఆగస్టు 16న, అంటే బడులు తిరిగి తెరిచిన రోజుననే, మొదటి దశ పనులను ప్రజలకు అంకితం చేశారు.

ఈ పథకం పేరులోనే ఒక సర్వే పద్ధతి ఉన్నది. పనికి ముందు బడి ఛాయాచిత్రం ‘నాడు’, పని ముగిసిన తరువాతి ఛాయాచిత్రం ‘నేడు’. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు ఎవరికైనా తెలుస్తుంది. ముఖ్యంగా ఎదిగిన ఆడపిల్లలకు నీరున్న మరుగుదొడ్డి ఉన్న బడికీ, లేని బడికీ గల తేడా చిన్నదేమీ కాదు. అయితే ఛాయాచిత్రంలో గోడ కనిపిస్తుంది. గోడల నడుమ కూర్చున్న బిడ్డకు భాగహారం వచ్చునో రాదో కనిపించదు. దానికి వేరొక సర్వే కావలసి వచ్చింది.

మెతుకు పట్టి చూసిన రోజు

2021 నవంబరు 12న దేశమంతటా ఒకే రోజు జాతీయ సాధన సర్వే జరిగింది. 3, 5, 8, 10 తరగతులకు చెందిన సుమారు 34 లక్షల మంది పిల్లలు, 720 జిల్లాలలో 1 లక్షా 18 వేల బడులలో ఈ పరీక్ష రాశారు. ఇది వ్యక్తిగతంగా ఎవరినీ ఉత్తీర్ణులనో అనుత్తీర్ణులనో తేల్చే పరీక్ష కాదు. జిల్లా మొత్తంమీద పిల్లల అభ్యసన స్థాయిని అంచనా వేయడమే దీని లక్ష్యం.

2022 మే నెలలో వెలువడిన ఫలితాలు కలవరపరచాయి. 500 మార్కుల కొలమానంపై 2017లో మూడవ తరగతి భాషలో జాతీయ సగటు 336 కాగా 2021లో 323కు దిగింది. గణితంలో 321 నుండి 306కు తగ్గింది. ఐదవ తరగతి గణితంలో 310 ఉన్న సగటు 284కు పడిపోయింది. పరీక్షతోపాటు పిల్లలను కొన్ని ప్రశ్నలు కూడా అడిగారు. మహమ్మారి కాలంలో ఇంటివద్ద తమకు ఏ డిజిటల్ సాధనమూ లేదని 24 శాతం మంది చెప్పారు. ఇంటివద్ద చదువు కష్టమైందని 38 శాతం మంది అన్నారు. తోటివారి సహాయంతో బడిలోనే బాగా నేర్చుకుంటామని 80 శాతం మంది తెలిపారు. 48 శాతం మంది నడిచి బడికి వస్తున్నారని కూడా తేలింది.

రాతపరీక్షకు ఒక పరిమితి ఉన్నది. ప్రశ్నను చదవలేని బిడ్డకు లెక్క రాదో, అక్షరమే రాదో రాతపరీక్ష వేరుచేసి చెప్పలేదు. అందుకే 2022 మార్చిలో మూడవ తరగతి పిల్లలపై మౌలిక అభ్యసన అధ్యయనం జరిపారు. సుమారు 10 వేల బడులలో 86 వేల మంది పిల్లలను ఒక్కొక్కరినే ఎదుట కూర్చోబెట్టి చదివించారు, లెక్కలు చేయించారు. తెలుగుతో సహా 20 భాషలలో ఈ పని జరిగింది. నిమిషానికి ఎన్ని పదాలు తప్పులేకుండా చదువుతున్నారో, చదివినది ఎంతవరకు గ్రహిస్తున్నారో నమోదు చేశారు. ఒకప్పుడు వీధిబడి పంతులు పిల్లవానిని దగ్గరకు పిలిచి పాఠం ఒప్పజెప్పించుకున్న పద్ధతికి ఇది శాస్త్రీయ రూపమని చెప్పవచ్చు.

సుగ్గికి పోయిన పిల్లలు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, కోసిగి, కౌతాళం, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలలో ‘సుగ్గి’ అనే మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. సొంత ఊళ్లో వానలు లేక పంట పోయినపుడు, లేదా ఉన్న కొద్దిపాటి పంట ముగిసినపుడు, కూలిపనికోసం కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మొదలైన దూరప్రాంతాలకు తరలిపోవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. పత్తి తీతకు, మిరపకాయల కోతకు అక్కడ మనుషులు కావాలి. నెలల తరబడి గుడిసెలలో, చేల గట్లమీద కాపురం. ముసలివారు ఊళ్లో మిగులుతారు. పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళతారు. చిన్నపిల్లను ఆడించేందుకు పెద్దపిల్ల కావాలి. కాస్త ఎదిగినవాడు చేతికి అందివచ్చిన కూలి అవుతాడు.

ఇక్కడ సర్వే తేదీలను శ్రద్ధగా గమనించాలి. బడి నమోదు లెక్కకు సంప్రదాయంగా ఆధారమైన తేదీ సెప్టెంబరు 30. అప్పటికి ఇంకా సుగ్గి మొదలుకాదు. పిల్లవాడు ఊళ్లోనే ఉంటాడు. హాజరుపట్టికలో అతని పేరు ఉంటుంది. నవంబరులోనో, డిసెంబరులోనో సాధన సర్వే జరుగుతుంది. ఆనాడు బడికి వచ్చినవారికే పరీక్ష. అప్పటికే కుటుంబంతో తరలిపోయిన పిల్లవాడు ఆ పరీక్షలో ఉండడు. ఈ విధంగా ఒకే పిల్లవాడు ఒక సర్వేలో బడిలో ఉన్నట్లు లెక్కకు వస్తాడు. మరొక సర్వేలో అతడు నేర్చుకున్నదీ, మరిచిపోయినదీ లెక్కకు రాదు. ఏ అధికారీ అబద్ధం రాయనక్కరలేదు. రెండు లెక్కలూ వేటికవి సరైనవే. రెండింటి నడుమ బిడ్డ జారిపోతాడు.

ఈ లోటును పూడ్చడానికే సీజనల్ హాస్టళ్లు ఏర్పడ్డాయి. తల్లిదండ్రులు వలసపోయిన నెలలలో పిల్లలకు సొంత ఊళ్లోనే తిండి, నిద్ర, సాయంకాలపు చదువు కల్పించడం వీటి ఉద్దేశం. అవి సకాలంలో తెరుచుకోవాలంటే ఎవరు వలసపోబోతున్నారో ముందుగా తెలియాలి. కుటుంబం బండి ఎక్కిన తరువాత వచ్చిన సర్వే ఎంత కచ్చితమైనదైనా ఆ ఏటి చదువును నిలబెట్టలేదు. కాలమెరిగి చేసే విచారణకే ఇక్కడ విలువ. అటువంటి విచారణ చేయగలవాడు ఆ ఊరి ఉపాధ్యాయుడు. ఏ ఇంటి చేను ఎండిందో, ఏ ఇంటివారు మేస్త్రీ వద్ద ముందస్తు సొమ్ము తీసుకున్నారో అతనికి తెలుస్తుంది.

అంకె వెనుక నిర్ణయం

సర్వే అంకెలు నివేదికలలో నిద్రపోతాయనుకోవడం పొరపాటు. వాటినిబట్టి నిర్ణయాలు జరుగుతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయ పోస్టు తగ్గుతుంది. ఉపాధ్యాయుడు తగ్గితే చదువు తగ్గి, ఉన్న పిల్లలు కూడా మరొక బడికి పోతారు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ ఉత్తరువు ద్వారా బడులను పునర్వ్యవస్థీకరించింది. దూరాన్నిబట్టి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించింది. సబ్జెక్టు ఉపాధ్యాయుల బోధన చిన్నపిల్లలకు కూడా అందుతుందన్నది ప్రభుత్వ వాదన. చిన్నపిల్లలు దూరం నడవలేరన్నది విమర్శకుల వాదన. 2025లో ఆ ఉత్తరువును ఉపసంహరించి వేరొక విధానం తెచ్చారు. పటంమీద కిలోమీటరు అన్నిచోట్లా ఒకటే. రాయలసీమలో నడుమ వంక ఉంటే, రహదారి దాటవలసి ఉంటే, ఎండ మండే దినాలలో ఏడేళ్ల పిల్ల కాళ్లకు ఆ కిలోమీటరు వేరు.

లెక్కించే పద్ధతి మారితే అంకె కూడా మారుతుంది. 2022–23 నుండి యూడైస్ ప్లస్‌లో తరగతివారీ మొత్తాలకు బదులు ఒక్కొక్క విద్యార్థి వివరాన్ని పేరుతో సహా నమోదు చేయడం మొదలైంది. 2021–22లో ఒకటి నుండి పన్నెండు తరగతులలో దేశవ్యాప్తంగా 25.57 కోట్ల మంది ఉన్నట్లు నమోదైంది. 2023–24లో పూర్వప్రాథమిక తరగతులతో కలిపినా మొత్తం 24.8 కోట్లకే చేరింది. ఇంతమంది పిల్లలు బడి మానేశారని వెంటనే నిర్ధారించరాదు. ఒకే పిల్లవాని పేరు రెండు బడులలో ఉంటే అది కొత్త పద్ధతిలో బయటపడుతుంది. పాత లెక్కను కొత్త లెక్కతో నేరుగా పోల్చరాదని ఆ నివేదికే హెచ్చరించింది. అదే సమయంలో, తగ్గినదంతా దొంగలెక్కేనని కొట్టిపారేయడమూ తగదు. తొలగించిన ప్రతి పేరు వెనుక బిడ్డ ఉన్నాడా లేడా అన్నది ఊరిలో విచారిస్తేనే తేలుతుంది.

మహమ్మారి వెళ్లిన తరువాత

2024 డిసెంబరు 4న ‘పరఖ్’ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో మరొక సర్వే జరిగింది. 781 జిల్లాలలో 74,229 బడులకు చెందిన 21 లక్షలకు పైగా విద్యార్థులు ఇందులో పాల్గొన్నారు. ఈసారి 3, 6, 9 తరగతులను తీసుకున్నారు. మూడవ తరగతి పిల్లలలో 99 వరకు గల సంఖ్యలను ఆరోహణ, అవరోహణ క్రమాలలో అమర్చగలిగినవారు 55 శాతం. ఆరవ తరగతిలో పది ఎక్కాల వరకు తెలిసినవారు 53 శాతం. ఆనాడు ఆరవ తరగతిలో ఉన్న పిల్లలు 2020లో ఒకటి, రెండు తరగతులకు చెందినవారే. ఎక్కాలకు పునాది పడవలసిన ఏళ్లలో వారి బడికి తాళం వేసి ఉన్నదని గుర్తుంచుకుంటే ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. బడి తెరుచుకోవడంతో ఆ నష్టం తనంతట తాను తీరిపోదు. ఆరవ తరగతి పాఠం చెబుతూనే రెండవ తరగతి ఎక్కం నేర్పే ఓపిక, వ్యవధి ఉపాధ్యాయునికి కల్పించాలి.

క్యాంబెల్ నివేదిక రాసి రెండు శతాబ్దాలు గడిచాయి. మన్రో కోరిన జవాబులు చేరడానికి ఏళ్లు పడితే, నేటి సమాచారం క్షణాలలో రాజధానికి చేరుతున్నది. ఆనాడు బళ్లారి జిల్లాలో చదువుకునే ఆడపిల్లలు నామమాత్రం. నేడు ప్రతి ఊరి బడిలోనూ వారున్నారు. ఇది సామాన్యమైన ప్రగతి కాదు. అయినా పేదరికం బిడ్డను బడి నుండి చేనికి నడిపిస్తున్నదన్న క్యాంబెల్ వాక్యం ఆదోని ప్రాంతంలో నేటికీ పాతబడలేదు.

సర్వే వ్యాధి ఎక్కడున్నదో చూపుతుంది. మందు వేరే తేవాలి. కరవు సీమలోని బడికి ఆ మందులో సగం బడి వెలుపలే ఉన్నది. ఊళ్లోనే పని, చేనికి నీరు, సకాలంలో తెరిచే హాస్టలు ఉన్నపుడు హాజరుపట్టికలోని పేరూ, బల్లమీది బిడ్డా ఒకటవుతారు. డిసెంబరు నెలలో కోసిగి ప్రాంతపు బడిలో ఉపాధ్యాయుడు పేర్లు పిలిచేటపుడు ఎన్ని పేర్లకు పలుకు వినిపిస్తుందో, ఆ బడికి సంబంధించి అంతకు మించిన లెక్క మరొకటి లేదు.